పైరగాలికి పెట్టిన దణ్ణం

పాపాయి రోజూ పొద్దున్నే రెండు దణ్ణాలు పెడుతుంది. మొదటిది సూర్యుడికి. అందులో వింతేమీ లేదు. రెండోది తన పెరటికి దక్షిణాన నిలబడ్డ ఎనిమిదంతస్తుల అపార్ట్‌మెంట్ అడుగున, కార్లు పెట్టుకునే చోటికి. ఈ రెండో దణ్ణం ఎవరికో చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

ఆ పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు చదివే సత్యప్రసాద్ గారు మాత్రం అది తనకే అనుకున్నారు. అనుకోవడంలో తప్పు లేదు. ఆయన ఆ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు. అమలాపురం అవతల కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్న కుటుంబం. కాలవ గట్టు మీద నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్ళు సైకిలు దిగి నిలబడే రోజులు చూసిన మనిషి. అందుకని పేపరు మీంచి తలెత్తి, హుందాగా ఒకసారి ఆడించి, మళ్ళీ పేపర్లోకి వెళ్ళిపోయేవారు.

రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఆ సందును వలల సందు అంటారు. ఇప్పుడక్కడ వలలు పెద్దగా కనపడవు గానీ పేరు మిగిలింది. పాపాయి ఆ సందుకు కోడలిగా వచ్చింది. పుట్టిల్లు ఉప్పాడ వైపు, సముద్రం ఒడ్డు. భర్త సత్తియ్యది ఏటి వేట. సముద్రపు పిల్ల తన వెంట తెచ్చుకున్న విద్య చేపలు ఎండబెట్టడం. కాకినాడ నుంచి వ్యానులో వచ్చే మెత్తళ్ళు, రొయ్యలు, రిబ్బనులా పొడుగ్గా ఉండే సావిడాయలు కడిగి, ఉప్పు పట్టించి, పెరట్లో కర్రల పందిళ్ళ మీద ఆరేస్తుంది. రాజమండ్రిలో ఎన్నో ఇళ్ళల్లో గోంగూర కూరకు ఆ కమ్మదనం పాపాయి పెరటి నుంచి వచ్చిందే. ఆ సంగతి తిన్నవాళ్ళకు తెలియదు, వండినవాళ్ళకు తెలుసు.

చేప ఎండడానికి ఎండ ఒక్కటే చాలదు. గాలి కావాలి. మాఘం వెళ్ళి ఫాల్గుణం వస్తూండగా దక్షిణం నుంచి, కాస్త ఆగ్నేయంగా, సముద్రం మీంచి చేల మీంచి వచ్చే గాలిని గోదావరి జిల్లాల్లో పైరగాలి అంటాం. పైరు మీంచి వస్తుంది కాబట్టి చల్లగా ఉంటుంది. పాపాయి అత్తవారింట అడుగుపెట్టాక నేర్చుకున్న మొదటి పాఠం, పందిరి ముఖం పైరగాలికి తిప్పి కట్టడం. ఆ పెరట్లో వలలు ఆరేసే పందిళ్ళు ఆవిడ అత్తగారు అలాగే కట్టింది, ఆవిడ అత్తగారూ అలాగే కట్టింది.

అపార్ట్‌మెంట్ రాకముందు అక్కడ పాత బియ్యం మిల్లు ఉండేది. మిల్లు పడగొట్టి పునాదులు తవ్వుతున్నప్పుడు బిల్డర్ ఉదయ్‌కుమార్ మంచితనంగానే ఉన్నాడు. సందులో కుళాయి రాని రోజుల్లో తన బోరు నీళ్ళు పట్టుకోమన్నాడు. శ్లాబులు వేశాక మిగిలిన సరుగుడు కర్రలు కొన్ని పాపాయికి ఇచ్చేశాడు. పాపాయి పందిళ్ళకు అవే ఇప్పటికీ కాళ్ళు. ఆ కర్రలు అందుకుంటూ ఆవిడ చేతులు జోడించి, మనందరం అనే మాటే అంది.

“మీ నీడన బతికేత్తాం బాబూ.”

నీడ అనే మాట మన భాషలో ఆశ్రయం. నిలువ నీడ లేనివాడంటే దిక్కు లేనివాడు. ఎండల్లో పుట్టిన భాష కాబట్టి అలా అయింది. ఉదయ్‌కుమార్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అంతస్తు మీద అంతస్తు లేచింది.

మొదటి వేసవిలో పెద్దగా తేడా తెలియలేదు. వేసవిలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. కార్తీకం వచ్చేసరికి ఆయన దక్షిణానికి ఒరిగాడు. ఒరిగినవాడు అపార్ట్‌మెంట్ వెనక్కి వెళ్ళిపోయాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెరడంతా నీడ. పరిచిన మెత్తళ్ళు పరిచినట్టే మెత్తగా ఉండిపోయాయి.

గడపలో కూచుని వల బాగుచేసుకుంటున్న సత్తియ్యకు సరదా దొరికింది.

“ఏవే, నీడన బతుకుతానన్నావుగా. పాపం ఆయన మాట నిలబెట్టుకున్నాడు.”

“నేనడిగింది ఆ నీడా?”

“ఏ నీడో ఇవరంగా చెప్పాలి. కంట్రాక్టర్లకి ఉపమానాలు తెలీవు.”

“నీకు మటుకు అన్నీ తెలుసు. ఏట్లో చేప ఎక్కడుందో తప్ప.”

సత్తియ్య నవ్వాడు గానీ పాపాయికి నవ్వు రాలేదు. ఎండ తగ్గిందని ఉప్పు పెంచింది. చేప చెడలేదు గానీ నోట పెట్టుకునేలా లేదు. ఏళ్ళ తరబడి కొంటున్నవాళ్ళు వెనక్కి తెచ్చి, “ఇదేంటి పాపాయీ, చేపలమ్ముతున్నావా, ఉప్పమ్ముతున్నావా?” అన్నారు. ఉప్పు తగ్గిస్తే కుళ్ళింది. ఫాల్గుణంలో పైరగాలి వస్తుందిలే, గట్టెక్కిపోతాం అనుకుంది. పైరగాలి వచ్చింది, అపార్ట్‌మెంట్ అవతలి వైపు ఆగిపోయింది. పెరట్లో ఆకు కదల్లేదు. అయినా పాపాయి ఎప్పటిలాగే పందిళ్ళను దక్షిణానికి తిప్పి, గోడ వైపు చూస్తూ కట్టింది. పైరగాలి ఎటు నుంచి వస్తుందో పేరుతో సహా తెలిసినవాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది. ఏ కొత్తమనిషైనా వేలు తడిపి పైకెత్తి చూసుకునేవాడు. పాపాయి చూసుకోలేదు. పైరగాలి ఇంకో దారిన వస్తుందని ఆవిడ వంశంలో ఎవరికీ తట్టలేదు.

దారి చూపించింది చీర. తూర్పు మూల దండెం మీద ఆరేసిన చీర ఒక మధ్యాహ్నం టపటపా కొట్టుకుంటోంది. పందిళ్ళ మీద ఈగలు లేవడం లేదు, చీర మాత్రం ఎగురుతోంది. పాపాయి లేచి వెళ్ళి చీర పక్కన నిలబడింది. అపార్ట్‌మెంట్ కింద, స్తంభాల మధ్య, కార్ల మీదుగా గాలి దూసుకొస్తోంది. పైన ఎనిమిదంతస్తులు అడ్డం పెట్టుకుంటే, గాలి కిందకి వంగి కాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుంది.

ఆ రోజే పందిళ్ళన్నీ పీకి తూర్పు మూలకు మార్చింది. చేప ఎండింది. చలికాలపు ఎండ తిరిగి రాలేదు, ఇప్పటికీ రాదు. గాలి మటుకు నిలబెట్టింది. మర్నాటి పొద్దు నుంచి పాపాయి రెండో దణ్ణం మొదలుపెట్టింది. సత్యప్రసాద్ గారు తలాడించడం మొదలుపెట్టారు.

ఊరు పైకి పెరగడమే తప్పని నేననను. అడ్డంగా పెరిగితే పోయేది వరిచేలే. ధవళేశ్వరం నీళ్ళు తాగే పొలాల్లో లారీల కొద్దీ గ్రావెలు పోసి, రంగురంగుల జెండాలు పాతి, ప్లాట్లు అమ్ముతున్న సంగతి కళ్ళెదుట ఉన్నదే. దానికంటే ఉన్నచోటే నాలుగంతస్తులు ఎక్కువ వేసుకోవడం నయం. కానీ గీసే ప్లానులో కార్లకు చోటుంటుంది, లిఫ్టుకు ఉంటుంది, జనరేటరుకు ఉంటుంది. పక్కింటివాళ్ళ ఎండకూ గాలికీ ఉండదు. పగలంతా ఎండ తాగిన కాంక్రీటు సాయంత్రం నుంచి వేడి కక్కుతుంది. ఏసీ గదిలోంచి లాగిన వేడిని తెచ్చి సందులో పోస్తుంది. పైనున్నవాళ్ళ చల్లదనం కిందున్నవాళ్ళ ఉక్కపోత. దీన్ని అభివృద్ధి అని మాత్రమే పిలిచేవాళ్ళు వైశాఖమాసంలో ఒక్కపూట ఆ సందులో కూచుని అన్నం తినాలి.

అపార్ట్‌మెంట్ నిండాక రెండు రకాల పనులు ఒకేసారి జరిగాయి. ఒకటి, ఉత్తరం వైపు బాల్కనీల నుంచి తాళ్ళు కట్టిన సంచులు పాపాయి పెరట్లోకి దిగడం. రెండు రోజులకోసారి ఏదో ఒక సంచి దిగి, ఎండు రొయ్యలతో పైకి వెళ్ళేది. రెండోది, చేపల కంపు భరించలేకపోతున్నామని అవే ఇళ్ళవాళ్ళు అసోసియేషన్‌కు ఫిర్యాదు చేయడం. కంపు ఉన్నమాట నిజమే, కాదనకూడదు. కానీ గాలి ఆడిన రోజున అది ఇళ్ళల్లోకి పోయేది కాదు, గోదావరి వైపు పోయేది. గాలి లేని రోజున గోడ పట్టుకుని పైకి పాకేది. ఆ తేడా గమనించే తీరిక ఎవరికీ లేకపోయింది.

అసోసియేషన్ కూచుని పరిష్కారం కనిపెట్టింది. పార్కింగుకు ఉత్తరం వైపున, ఈ కొస నుంచి ఆ కొసకు గోడ. కంపూ రాదు, స్టోరు గదులూ కలిసొస్తాయి. ఇటుకలు వచ్చి దిగాయి.

ఇటుకల కుప్ప చూసిన పొద్దున పాపాయి దణ్ణం పెట్టి ఊరుకోలేదు. చెంగు నడుముకి దోపుకుని పార్కింగులోకి వెళ్ళింది. సత్యప్రసాద్ గారు పేపరు మడిచారు.

“ఏంటి పాపాయీ, నీళ్ళు రావట్లేదా?”

“నీళ్ళొత్తన్నాయండి. ఆ గోడ గురించండి. గోడ కట్టేత్తే నా చేప ఎండదండి.”

“గోడకీ చేపకీ ఏంటి సంబంధం? నీ చేపలు నీ పెరట్లో ఉన్నాయి, మా గోడ మా పార్కింగులో ఉంది.”

“ఇటునించే కదండి గాలొచ్చేది.”

“గాలికి ఇదొక్కటే దారా? ఊరంతా ఉంది.” ఆయన కసురుకోలేదు, నచ్చజెప్పే గొంతుతోనే అన్నారు. “చూడు, మనం ఇరుగుపొరుగు. నీకు కష్టం రానిస్తానా? మా నీడన ఉన్నారు మీరు.”

పాపాయి తన పెరటి వైపు చూసింది.

“ఆయ్. ఆ నీడలోనే ఉన్నామండి. అందుకే గాలైనా ఉంచమంటన్నాను.”

ఆయనకు అర్థం కాలేదు. అందరితో మాట్లాడి చూస్తానన్నారు. మాట్లాడలేదు. గోడ ఎందుకు ఆలస్యమైందంటే, ముందు వాళ్ళమ్మాయి సీమంతం ఉంది.

ఆ అమ్మాయి హారతి, మొదటి కానుపుకు వేవిళ్ళతోనే పుట్టింటికి వచ్చింది. రెండో అంతస్తు బాల్కనీ నుంచి సంచి దింపేవాళ్ళల్లో అందరికంటే ఎక్కువసార్లు దింపింది ఆ పిల్లే. వేవిళ్ళలో అన్నం వాసన పడలేదు, కాఫీ వాసన పడలేదు, ఎండు రొయ్యల వేపుడు మాత్రం పడింది.

“పాపాయమ్మా, కాస్త ఎక్కువ వెయ్యి. మొన్నటివి నిన్నే అయిపోయాయి.”

“ఉప్పుదండి తల్లీ, ఎక్కువ తినకూడదు. కాళ్ళు పొంగుతాయి.”

“మా డాక్టరు చెప్పేది చాలు, నువ్వు కూడా చెప్పకు.”

సీమంతం అపార్ట్‌మెంట్ పార్కింగులోనే. కార్లు రోడ్డు మీదకు తీయించి, కుర్చీలు వేయించి, దక్షిణాన దారి వదిలి మిగతా మూడు వైపులా రంగు పరదాలు కట్టించారు. ఉత్తరం వైపు పరదా మరీ మందంది, రెండు వరసల్లో. చుట్టాలకు ఆ పెరడు కనపడకూడదు కదా. ముందురోజు సాయంత్రం సత్యప్రసాద్ గారు స్వయంగా పాపాయి గుమ్మం దాకా వచ్చారు.

“రేపు ఒక్కరోజు చేపలు బయటెయ్యకు పాపాయీ. వియ్యాలవారొస్తున్నారు.”

గోడ విషయంలో ఆయన మీద ఎంత కోపమున్నా పాపాయి ఆ మాటకు ఎదురు చెప్పలేదు. కడుపుతో ఉన్న పిల్ల శుభకార్యం. “ఆయ్, అలాగేనండి. అమ్మాయిగారి సీమంతం కన్నానా,” అంది. తెల్లారగానే సగం ఎండిన సరుకంతా పందిళ్ళ మీంచి దించి ఇంట్లోకి చేర్చి తలుపేసింది. సత్తియ్య అరుగు మీదకు వచ్చి కూచున్నాడు. “మొగుణ్ణి బయటేసి చేపల్ని లోపలెట్టుకున్న ఆడదాన్ని నిన్నే చూత్తన్నాను,” అన్నాడు.

రెండు వైపులా మర్యాదే. ఆ మర్యాదే కొంప ముంచింది.

పరదాలు బిగించి కట్టేసరికి సందు ఊపిరి ఆగిపోయింది. రేకుల ఇంట్లో, తలుపు వేసి, సగం పచ్చిగా ఉన్న చేప. పొద్దెక్కేకొద్దీ చెమట పట్టింది. బయట ఆరబెట్టినప్పుడు ఏనాడూ లేనంత కంపు, తలుపు సందుల్లోంచి వచ్చి, పోయే దారి లేక పరదా అంచుల కింద నుంచి పార్కింగులో దూరింది. అక్కడ పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్ళంతా ఉక్కపోతకు తడిసి ముద్దై ఉన్నారు. పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ ఉన్న వేడినే అటూ ఇటూ తిప్పుతున్నాయి. గంధం రాసిన చోటల్లా కారిపోతోంది.

“ఏంటొదినా ఈ వాసన?”

“వంట చేపలేమో.”

“సీమంతానికి చేపలేంటి, నీ మొహం.”

వియ్యపురాలు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. సత్యప్రసాద్ గారి మొహం మాడింది. గాజులు తొడిగించుకుంటున్న హారతి చేయి వెనక్కి తీసుకుని, “అమ్మా, నాకు గాలాడట్లేదు,” అంది. ఎవరో నీళ్ళన్నారు, ఎవరో నిమ్మకాయన్నారు. ఆ పిల్ల అవేవీ వినకుండా కుర్చీలోంచి లేచి, నిండు కడుపుతో మెల్లగా నడిచి, ఉత్తరం వైపు పరదా రెండు చేతులతో పట్టి పక్కకు లాగేసింది.

దక్షిణం నుంచి కాచుకుని ఉన్న పైరగాలి అంతా ఒక్కసారిగా లోపలికొచ్చి అటు వెళ్ళింది. కాగితం గ్లాసులు దొర్లాయి. అరిటాకులు లేచాయి. కుర్చీల్లో కూచున్నవాళ్ళందరూ ఒకేసారి “హమ్మయ్య” అన్నారు.

పరదా అవతల, పెరట్లో, పాపాయి తలుపు తెరుచుకుని చేటతో లోపలికి విసురుతూ కనిపించింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సరుకు పోతోంది, బయటెయ్యనని మాటిచ్చింది, ఏం చెయ్యాలో తోచక విసురుతోంది.

“పాపాయమ్మా, ఏమైంది?”

“ఏం లేదు తల్లీ. లోపలెట్టాను, చెమట పట్టేత్తన్నాయి.”

“బయటేసేయ్.”

పాపాయి సత్యప్రసాద్ గారి వంక చూసింది. ఆయన వియ్యపురాలి వంక చూశారు. వియ్యపురాలు కొంగు దించి, “ఏదో ఒకటి కానివ్వండి అన్నయ్యగారూ, ఆ గుడ్డ మాత్రం మళ్ళీ కట్టకండి,” అన్నారు.

పాపాయి చేపల్ని ఎత్తి తెచ్చి పందిళ్ళ మీద వేసింది. సత్తియ్య కూడా అందుకున్నాడు. ఇంత కంపు కొట్టిన సరుకు బయటికొస్తే ఇంకేమన్నా ఉందా అని అందరూ ఊపిరి బిగబట్టారు. ఏమీ కాలేదు. కాసేపటికి వాసన మెల్లమెల్లగా పలచబడి, గట్టు దాటి ఏటి వైపు పోయింది. పేరంటం మళ్ళీ మొదలైంది.

సత్యప్రసాద్ గారు మాత్రం స్తంభం దగ్గర నిలబడిపోయారు. ఓ వైపు పక్కకు లాగిన పరదా, ఓ వైపు ఇటుకల కుప్ప. ఆయన తెలివి తక్కువ మనిషి కాదు. తూములో అడ్డం పడితే చేను ఏమవుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాడు.

“ఆ గోడ కట్టుంటే రోజూ ఇంతేనన్నమాట,” అన్నారు తనలో తాను. తర్వాత పాపాయితో, “రోజూ పొద్దున్నే నాకు దణ్ణం పెట్టేదానివి. ఇంత కష్టముందని గట్టిగా చెప్పొద్దూ?” అన్నారు.

పాపాయి ఇబ్బందిగా కొంగు సర్దుకుంది. అబద్ధం చెప్పడానికి శుభకార్యం అడ్డొచ్చింది.

“అది మీక్కాదండి.”

“మరెవరికి?”

“గాలికండి. మీ కుర్చీ దార్లో ఉంటాదండి, అంతే.”

ముందు హారతి నవ్వింది. తర్వాత ఆ పిల్ల అత్తగారు. “నాన్నగారూ, పాపాయమ్మ మీ గాలి తీసేసింది,” అంది హారతి కళ్ళు తుడుచుకుంటూ.

“అయ్యో, నేనేం తీసానండి. నా గాలే తీసెయ్యబోయారు గానండి,” అంది పాపాయి.

ఆయన చాలాసేపు బిగపట్టుకుని చివరికి నవ్వేశారు. ఆ నవ్వుకు నేను ఈనాటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. పెద్దరికం దెబ్బతిన్నచోట గోడలు లేవడమే ఎక్కువ చూశాను నా జీవితంలో.

గోడ లేవలేదు. వచ్చిన ఇటుకలతో ఉత్తరం వైపు మోకాలెత్తు అరుగు కట్టించారు. దాని మీదుగా గాలి హాయిగా వెళ్తుంది. సాయంత్రం పైఅంతస్తుల వాళ్ళు కరెంటు పోతే దిగొచ్చి ఆ అరుగు మీదే కూచుంటున్నారు. ఉన్నప్పుడూ కూచుంటున్నారు, పాపాయి పెరటి వైపు మొహం పెట్టి. సంచులు ఇప్పుడు తాళ్ళ మీద దిగవు. మనుషులే వచ్చి అరుగు మీంచి చేయి చాపి తీసుకుంటున్నారు. దాచుకోవడానికి ఏముంది గనక.

ఆ రోజు సరుకులో కొంత దక్కలేదు. అది కొబ్బరిచెట్టు మొదట్లో ఎరువుగా వేసేశారు. మిగిలినదాంట్లోంచి మంచి రొయ్యలు ఏరి, పాపాయి హారతికి పంపింది. హారతికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకు పిలిస్తే పాపాయి వెళ్ళి, పిల్లను చేతుల్లోకి తీసుకుని దీవించబోయి, “పెద్దల నీడన…” దాకా వచ్చి ఆగిపోయింది. వెనక నుంచి సత్తియ్య, “చూసుకుని అడగవే,” అన్నాడు. పాపాయి సర్దుకుని, “చల్లటి గాలిలో పెరుగు తల్లీ,” అంది. అంతకంటే మంచి దీవెన ఈ ఊళ్ళో ఈ రోజుల్లో నాకు తెలియదు.

సందుకు పడమట పక్క పెంకుటిల్లు అమ్ముడుపోయిందని, అక్కడ ఇంతకంటే ఎత్తుది వస్తుందని అంటున్నారు. వస్తే సాయంత్రపు ఎండ కూడా పోతుంది. ఈసారి ప్లానుకు అనుమతివ్వకముందే అడగాలని వలల సందు వాళ్ళూ అపార్ట్‌మెంటు వాళ్ళూ కలిసి అనుకున్నారు. కింద స్తంభాల మధ్య ఖాళీ వదలాలని, పెరటికీ గోడకూ మధ్య దూరం ఉండాలని. కలిసి అనుకోవడమే పెద్ద సంగతి. అరుగు మీద కూచుంటేనే అది జరిగింది. ఏం చెబుతారో చూడాలి.

పాపాయి పొద్దున దణ్ణాలు మానలేదు. ఎండ కాసినంత మేర సూర్యుడికి ఒకటి. తర్వాత ఇటు తిరుగుతుంది. సత్యప్రసాద్ గారు పేపరు మడిచి, లేచి, కుర్చీని స్తంభం పక్కకు జరుపుకుంటారు.

“కానియ్, దారిచ్చాను,” అంటారు.

పాపాయి చేతులు జోడిస్తుంది. జోడించిన చేతులు దించేముందు ఓ పక్కకు, ఆయన వైపు తిప్పుతుంది.

“ఇందులో సగం మీదేలెండి.”